కార్డు మారిస్తే కెమెరా స్పీడ్ పెరుగుతుందా? మెమరీ కార్డుల వేగంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ముహూర్తాల సీజన్ దగ్గరపడే కొద్దీ నాకు ఫోన్లు పెరుగుతాయి. లెన్సుల గురించి అడిగేవాళ్లు తక్కువ, కార్డుల గురించి అడిగేవాళ్లు ఎక్కువ. "అన్నా, 170 అని రాసి ఉన్నది కొన్నా, అయినా కెమెరా ఆగిపోతోంది" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయి, అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

వేగమైన కార్డు వేస్తే నా కెమెరా వేగంగా పని చేస్తుందా?

ఫోటో తీయడం వరకూ అయితే లేదు. బటన్ నొక్కిన తర్వాత షట్టర్ ఎంతసేపటికి తెరుచుకుంటుంది, ఫోకస్ ఎంత తొందరగా పట్టుకుంటుంది, సెకనుకు ఎన్ని ఫ్రేములు పడతాయి అన్నవి కెమెరా చేతిలో ఉన్నవి. మూడు ఫ్రేముల కెమెరాలో ఎంత ఖరీదైన కార్డు పెట్టినా మూడే. ఫోటో క్వాలిటీ కూడా మారదు. అదే ఫైలు చవక కార్డు మీదా పడుతుంది, ఖరీదైన కార్డు మీదా పడుతుంది, ఒక్క పిక్సెల్ తేడా ఉండదు.

కార్డు పని ఫోటో తీశాక మొదలవుతుంది. తీసినవాటిని ఎంత తొందరగా దించుకుంటే కెమెరా అంత తొందరగా మళ్లీ ఖాళీ అవుతుంది. కార్డు వేగం తెలిసేది ఆ ఎదురుచూపులోనే.

బఫర్ నిండటం అంటే ఏమిటి?

బడిలో చేసిన తొట్టి లెక్క గుర్తుందా? ఒక కుళాయి నింపుతుంటుంది, ఇంకో కుళాయి ఖాళీ చేస్తుంటుంది, తొట్టి ఎంతసేపటికి నిండుతుంది అని అడిగేవారు. ఇదీ అదే. తొట్టి అంటే కెమెరా లోపలి తాత్కాలిక మెమరీ, అంటే బఫర్. నింపే కుళాయి సెన్సర్. ఖాళీ చేసే కుళాయి కార్డు.

లెక్క వేసి చూద్దాం. 24 మెగాపిక్సెల్ కెమెరా, ఒక్కో రా (RAW, సెన్సర్ నుంచి వచ్చింది వచ్చినట్టు దాచే) ఫైలు 25 ఎంబీ, సెకనుకు 10 ఫ్రేములు అనుకోండి. అంటే సెకనుకు 250 ఎంబీ వచ్చి పడుతోంది. బఫర్‌లో 30 ఫ్రేములు పడతాయనుకుందాం. మీ కార్డు సెకనుకు 75 ఎంబీ రాయగలిగితే మూడు ఫ్రేములు బయటకు పోతాయి, ఏడు లోపల మిగులుతాయి. నాలుగు సెకన్లు దాటగానే, దాదాపు 43 ఫ్రేముల దగ్గర తొట్టి నిండుతుంది. అక్కడి నుంచి మీ పది ఫ్రేముల కెమెరా మూడు ఫ్రేముల కెమెరా. వేలు తీసేశాక మొత్తం ఖాళీ కావడానికి 10 సెకన్లు.

అదే కెమెరాలో 200 ఎంబీ రాసే కార్డు ఉంటే (స్లాట్ దాన్ని తట్టుకునేదైతే) సెకనుకు ఎనిమిది బయటకు పోతాయి, మిగిలేవి రెండే. 15 సెకన్లపాటు, 150 ఫ్రేముల దాకా ఆగకుండా కొట్టొచ్చు. ఖాళీ కావడానికి నాలుగు సెకన్లు చాలు. ఇక పాత డబ్బాలోంచి తీసిన 20 ఎంబీ కార్డు పెడితే 33 ఫ్రేములకు ఆగుతుంది. ఆ తర్వాత ఎర్రలైటు వంక 37 సెకన్లు చూస్తూ కూర్చోవాలి.

మొదటి 30 ఫ్రేములు మూడు కార్డుల మీదా ఒకేలా పడ్డాయి, గమనించారా? అందుకే ఒకటీ రెండూ తీసేవాళ్లకు కార్డు మార్చినా ఏ తేడా కనిపించదు.

పెళ్లి ఫోటోలకు బర్స్ట్ (వేలు తీయకుండా వరుసగా కొట్టడం) అంత అవసరమా?

తలంబ్రాలకు అవసరం. జీలకర్ర బెల్లానికి అక్కర్లేదు, కానీ నేను ఆ తప్పు చేశాను కాబట్టి చెబుతున్నా.

చాలా ఏళ్ల కింద, చేతిలో ఎంట్రీ లెవెల్ బాడీ, రా సెట్టింగ్, ఏదో క్లాస్ 4 కార్డు. వధూవరుల మధ్య తెర పట్టుకుని ఉన్నారు. ముహూర్తం వేళ అయింది, జీలకర్ర బెల్లం తలల మీద పెట్టారు, భజంత్రీలు అందుకున్నాయి. ఆ హడావుడిలో నేనూ వేలు తీయకుండా నొక్కాను. పది చిల్లర ఫ్రేములు పడ్డాయి, కెమెరా మొద్దుబారింది. వ్యూఫైండర్‌లో బిజీ అన్న మాట తప్ప ఏమీ లేదు. సరిగ్గా అప్పుడు తెర దించారు. పిల్ల తలెత్తి పెళ్లికొడుకుని చూసి నవ్వింది. నేనూ చూశాను, కెమెరా చూడలేదు.

తలల మీద చేతులున్న ఫోటోలు పది ఉన్నాయి, అన్నీ ఒకేలా ఉన్నాయి. ఆల్బమ్‌లో ఆ తొలిచూపు లేదు. వీడియో తీసే కుర్రాడి ఫుటేజ్‌లోంచి ఒక ఫ్రేము తీసి అతికించాం.

అప్పుడు కార్డుని తిట్టుకున్నాను. కార్డు నిజంగానే నెమ్మది. కానీ తప్పు వేలిది కూడా. ఇప్పటికీ నా దగ్గర పనిచేసే పిల్లలకు చెప్పేది ఒకటే: తెర దించే ముందు బఫర్ ఖాళీగా ఉండాలి. వ్యూఫైండర్‌లో ఒక మూల చిన్న అంకె కనిపిస్తుంది, ఇంకా ఎన్ని ఫ్రేములు పడతాయో చెప్పేది. చాలామంది దాన్ని ఒక్కసారి కూడా చూడరు.

కార్డు మీద ఇన్ని అంకెలు, గుర్తులు ఏమిటి? దేన్ని చూడాలి?

నా టేబుల్ మీద ఒక 64 జీబీ కార్డు ఉంది. పై నుంచి కిందికి చదువుతాను.

అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో సెకనుకు 170 ఎంబీ. ఇది చదివే వేగం, అదీ గరిష్ఠం. కార్డులోంచి కంప్యూటర్‌కు కాపీ చేసేటప్పటి సంగతి. కెమెరాకు కావాల్సింది రాసే వేగం. అది కార్డు మీద చాలాసార్లు ఉండనే ఉండదు, ప్యాకెట్ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది.

దాని పక్కన ఎస్‌డీఎక్స్‌సీ. అది వేగం కాదు, సైజు కుటుంబం. 2 జీబీ దాకా మామూలు ఎస్‌డీ, 32 దాకా ఎస్‌డీహెచ్‌సీ, 2 టీబీ దాకా ఎస్‌డీఎక్స్‌సీ.

సీ అక్షరం లోపల 10. యూ అక్షరం లోపల 3. వీ పక్కన 30. ఈ మూడూ కనీస రాత వేగం హామీలు, తక్కువలో తక్కువ ఇంత రాస్తాను అని కార్డు ఇచ్చే మాట. సీ10 అంటే సెకనుకు 10 ఎంబీ, యూ1 అన్నా 10 ఎంబీయే, వీ10 అన్నా అంతే. యూ3, వీ30 రెండూ 30 ఎంబీ. ఒకే మాటను మూడు తరాలుగా మూడు ముద్రలతో చెబుతున్నారు. ఈ కార్డుల ప్రమాణాలు పెట్టే ఎస్‌డీ సంఘం ఈ వీ గుర్తులను 2016లో తెచ్చింది, వీ6 నుంచి వీ90 దాకా ఉన్నాయి. పాత ముద్రలు తీసేయకుండా కొత్తవి పక్కన అచ్చేస్తూ పోయారు, అందుకే కార్డు రేషన్ కార్డులా తయారైంది.

చివరగా ఒక రోమన్ అంకె. ఒక నిలువు గీత ఉంటే యూహెచ్‌ఎస్-1, రెండు గీతలుంటే యూహెచ్‌ఎస్-2. ఇది కార్డుకూ కెమెరాకూ మధ్య ఉన్న రోడ్డు వెడల్పు. యూహెచ్‌ఎస్-1 రోడ్డు మీద సెకనుకు 104 ఎంబీకి మించి పోవు, యూహెచ్‌ఎస్-2 మీద 312 దాకా పోతాయి. యూ3లో ఉన్న 3నీ, దీన్నీ కలిపేసుకుని "నాది యూహెచ్‌ఎస్-3 కార్డు" అనేవాళ్లు చాలామంది. అవి రెండూ వేరు.

నేను చూసేవి రెండే: వీ పక్కన అంకె, నిలువు గీతల సంఖ్య.

170 అని రాసి ఉన్న కార్డు కెమెరాలో 80 కూడా ఇవ్వడం లేదు. మోసపోయానా?

లేదు. అది యూహెచ్‌ఎస్-1 కార్డే అయితే రోడ్డు హద్దు 104 అని పైన చెప్పాను కదా. మరి 170, 200 ఎక్కడివి? ప్రమాణంలో లేని సొంత పద్ధతితో, దానికి సరిపోయే రీడర్‌లో పెట్టినప్పుడు మాత్రమే వచ్చేవి. మీ కెమెరాకు ఆ పద్ధతి తెలియదు, అది 104 లోపే మాట్లాడుతుంది. అందులో కెమెరా తన లెక్కలకు వాడుకునేది పోగా మంచి యూహెచ్‌ఎస్-1 కార్డు మీద 70 నుంచి 90 మధ్య పడితే సంతోషించాలి.

నా కెమెరాలో యూహెచ్‌ఎస్-2 కార్డు పెట్టొచ్చా?

పెట్టొచ్చు, పని చేస్తుంది. ఉపయోగం ఉందా అన్నది వేరే ప్రశ్న.

యూహెచ్‌ఎస్-2 కార్డును వెనక్కి తిప్పి చూడండి. బంగారు రంగు పిన్నులు రెండు వరుసలుంటాయి. పై వరుస పాత పద్ధతికి, కింది వరుస కొత్త వేగానికి. మీ స్లాట్‌లో ఆ రెండో వరుసను తాకే పిన్నులే లేకపోతే కార్డు మొదటి వరుసతోనే సరిపెట్టుకుంటుంది, మామూలు యూహెచ్‌ఎస్-1 కార్డులా నడుస్తుంది. పెట్టిన డబ్బులో వేగానికి పెట్టినదంతా వృథా.

కెనాన్ 200డీ-2, నికాన్ డీ5600, డీ750 ఇవన్నీ యూహెచ్‌ఎస్-1 స్లాట్లే. వీటికి ఒక మంచి వీ30 కార్డు చాలు, అంతకు మించి పెట్టకండి. కెనాన్ ఆర్6, సోనీ ఏ7 ఫోర్ లాంటివి యూహెచ్‌ఎస్-2 వాడుకుంటాయి, వాటిలో చవక కార్డు పెడితేనే అన్యాయం.

ఒక మినహాయింపు. కాపీ చేసుకునే రీడర్ యూహెచ్‌ఎస్-2 అయితే, కెమెరా పాతదైనా ఇంటికొచ్చాక కాపీ మాత్రం తొందరగా అవుతుంది. రాత్రి రెండింటికి రిసెప్షన్ నుంచి తిరిగొచ్చి తెల్లవారి ఐదింటికి ఇంకో పెళ్లికి వెళ్లేవాడికి ఆ పావుగంట నిద్ర విలువ తెలుస్తుంది.

రెండు స్లాట్లలో రెండు రకాల కార్డులు పెడితే?

రెండింట్లోనూ ఒకేసారి రాసే సెట్టింగ్ పెట్టుకుంటే నెమ్మది కార్డు నడిచినంతే కెమెరా నడుస్తుంది. జోడెడ్ల బండే ఇది.

ఇందులో కార్డు తప్పు కాదు, స్లాట్ తప్పు అయ్యే సందర్భాలు కూడా ఉన్నాయి. కెనాన్ 5డీ మార్క్ 3 (2012) ఇప్పటికీ సెకండ్ హ్యాండ్‌లో బాగా తిరుగుతోంది. దాని కాంపాక్ట్‌ఫ్లాష్ (ఎస్‌డీ కంటే పెద్దగా ఉండే పాత రకం కార్డు) స్లాట్ వేగంగానే ఉంటుంది. ఎస్‌డీ స్లాట్‌కు మాత్రం యూహెచ్‌ఎస్ అంటేనే తెలియదు. బ్యాకప్ కోసం ఎస్‌డీ కార్డు కూడా పెట్టుకుని "ఈ బాడీ బర్స్ట్‌కు పనికిరాదు" అని అమ్ముకున్నవాళ్లు నాకు తెలుసు. సోనీ ఏ7 త్రీ (2018)లో స్లాట్ 1 యూహెచ్‌ఎస్-2, స్లాట్ 2 యూహెచ్‌ఎస్-1. ఖరీదైన కార్డును ఏ స్లాట్‌లో పెడుతున్నారో తలుపు తీసి పక్కనున్న అంకె చూసి పెట్టండి.

అలాగని బ్యాకప్ మానేయమని చెప్పను. పెళ్లి మళ్లీ జరగదు. రెండో కార్డులో జేపెగ్ మాత్రమే పడేలా పెట్టుకోండి, బరువు చాలా తగ్గుతుంది.

వీడియోకు ఏ కార్డు కావాలి?

ఇక్కడ అందరూ తడబడేది బిట్‌కీ బైట్‌కీ తేడా దగ్గర. కెమెరా మెనూలో 100 అని ఉంటే అది మెగాబిట్లు. కార్డు మీద 30 అని ఉంటే అది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు, కాబట్టి మెనూలో అంకెను ఎనిమిదితో భాగించాలి.

100 మెగాబిట్ల 4కే అంటే సెకనుకు 12.5 ఎంబీ. వీ30 కార్డుకు అది నల్లేరు మీద నడక. గంటకు 45 జీబీ అవుతుంది కాబట్టి చూసుకోవాల్సింది వేగం కాదు, జాగా. 200 అంటే 25 ఎంబీ, వీ30 ఇంకా సరిపోతుంది. పానాసోనిక్ జీహెచ్5 లాంటి వాటిలో ఉన్న 400 ఆల్-ఐ మోడ్ (ప్రతి ఫ్రేమునూ విడిగా పూర్తిగా దాచేది) అంటే 50 ఎంబీ, దానికి వీ60 కావాలి. 600 అంటే 75, వీ90 కావాలి. కెనాన్ ఆర్5లో 8కే రా పెడితే 2600 మెగాబిట్లు, అంటే సెకనుకు 325 ఎంబీ. ఆ బరువు ఎస్‌డీ స్లాట్ మోయలేదు, ఎస్‌డీ కంటే చాలా వేగమైన వేరే రకం, సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ కార్డే పెట్టాలి.

ఫోటోలకూ వీడియోకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఫోటోల్లో కార్డు నెమ్మదిస్తే మీరు ఆగుతారు, అంతే. వీడియోలో కార్డు నెమ్మదిస్తే రికార్డింగే ఆగిపోతుంది. అందుకే వీడియోకు గరిష్ఠ వేగం ఎంతైనా పట్టించుకోనక్కర్లేదు, వీ అంకె ఒక్కటే చూడాలి.

వీ30 కార్డే, 100 మెగాబిట్లే, అయినా రికార్డింగ్ మధ్యలో ఆగిపోయింది. ఎందుకు?

నేను అనుమానించే వరుస ఇది.

మొదట, కార్డు అసలుదేనా? దీని గురించి కింద విడిగా రాశాను.

రెండోది, కార్డు ఎప్పుడు ఫార్మాట్ చేశారు? ఫ్లాష్ మెమరీలో ఒక గడిలో పాతది చెరపకుండా కొత్తది రాయలేరు. చెరపడం కూడా చిన్న ముక్కగా కుదరదు, పెద్ద దిమ్మ మొత్తం ఒకేసారి చెరపాలి. అక్కడో ఫోటో ఇక్కడో ఫోటో డిలీట్ చేస్తూ నెలల తరబడి వాడిన కార్డులో ఖాళీలు చిల్లులు చిల్లులుగా ఉంటాయి. అప్పుడు ఒక ముక్క రాయడానికి ముందు కార్డు లోపల సర్దుబాటు జరుగుతుంది, ఆ క్షణాల్లో వేగం పడిపోతుంది. ఆ హామీ అంకెలు శుభ్రంగా ఫార్మాట్ చేసిన కార్డును దృష్టిలో పెట్టుకుని ఇచ్చినవి.

మూడోది వేడి. ఎండాకాలం, ఆరుబయట పందిరి, లైట్ల కింద గంటసేపు ఆపకుండా 4కే. కార్డు వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ కార్డుల్లో ఇది మరీ ఎక్కువ, బయటకు తీస్తే వేలు చురుక్కుమంటుంది. చాలాసార్లు కార్డు కంటే ముందు కెమెరాయే వేడెక్కి ఆగుతుంది, అప్పుడు తెరమీద హెచ్చరిక కనిపిస్తుంది.

633ఎక్స్, 1000ఎక్స్ అంటే?

పాత సీడీ డ్రైవు వేగానికి ఎన్ని రెట్లు అని. ఒక ఎక్స్ అంటే సెకనుకు 150 కేబీ. కాబట్టి 633ఎక్స్ అంటే 95 ఎంబీ, 1000ఎక్స్ అంటే 150 ఎంబీ. ఇవీ చదివే వేగాలే. పట్టించుకోకండి.

ఏ1, ఏ2 గుర్తున్న కార్డు కెమెరాకు మంచిదా?

అవి ఫోన్లో యాప్‌లు నడపడానికి, చిన్న చిన్న ముక్కలు అటూ ఇటూ చదివి రాయడానికి. కెమెరా ఒక పెద్ద ఫైలును వరుసగా రాసుకుంటూ పోతుంది, దానికి వీటితో సంబంధం లేదు. ఉన్నా నష్టం లేదు.

ఫోన్ కార్డును అడాప్టర్లో పెట్టి కెమెరాలో వాడొచ్చా అని కూడా అడుగుతుంటారు. ఇంట్లో పుట్టినరోజుకైతే వాడండి. డబ్బు తీసుకున్న పనికి వద్దు. అడాప్టర్ లోపల ఇంకో జత పిన్నులు, అవి వదులైతే "కార్డు లేదు" అని కెమెరా అనేది సరిగ్గా బిందెలో ఉంగరం తీసే సమయానికే.

కార్డు మార్చాను, అయినా ఫోటో ఫోటోకీ కెమెరా ఆగుతోంది.

అయితే తప్పు కార్డుది కాకపోవచ్చు. నేను చూసినవాటిలో ఎక్కువసార్లు నేరస్థుడు ఫ్లాష్. సెల్స్ సగం అయిపోయాక ఫ్లాష్ మళ్లీ నిండటానికి ఐదారు సెకన్లు పడుతుంది, కొన్ని సెట్టింగుల్లో అంతవరకూ కెమెరా కూడా ఆగుతుంది. కార్డు మీద వేల రూపాయలు పెట్టే ముందు కొత్త సెల్స్ వేసి చూడండి.

రాత్రిపూట 30 సెకన్ల ఎక్స్‌పోజర్ పెట్టి, ఆ తర్వాత ఇంకో 30 సెకన్లు బిజీ అని వస్తే అది లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్. షట్టర్ మూసి అంతే సమయం ఇంకో చీకటి ఫ్రేము తీసి, నాయిస్‌ను తీసివేస్తోంది. మెనూలో ఆపేస్తే పోతుంది.

కల్యాణ మండపంలో వెలుగు తక్కువై షట్టర్ స్పీడ్ బాగా పడిపోయినా బర్స్ట్ నెమ్మదిస్తుంది. జేపెగ్‌లకు లెన్స్ కరెక్షన్, గట్టి నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉన్నా కెమెరా లోపలే పని పెరుగుతుంది. ఇక రా ప్లస్ జేపెగ్ పెట్టుకుని బఫర్ చిన్నదని బాధపడేవాళ్లకు చెప్పేదేముంది? ఆ రెండో ఫైలు నిజంగా వాడుతున్నారా? కంప్రెస్డ్ రా ఉన్న కెమెరా అయితే అది పెట్టి చూడండి, ఫైలు చిన్నదైతే తొట్టి పెద్దదైనట్టే.

నా కార్డు నా కెమెరాలో ఎంత రాస్తుందో ఎలా తెలుసుకోవాలి?

సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఫోన్లో స్టాప్‌వాచ్ చాలు. కార్డు ఫార్మాట్ చేయండి. రా పెట్టండి, మాన్యువల్ ఫోకస్, షట్టర్ 1/500, బర్స్ట్. బాగా వివరాలున్న దేన్నైనా చూపించండి, పుస్తకాల అల్మరా బాగుంటుంది. తెల్ల గోడ వద్దు, ఫైలు చిన్నదైపోతుంది. వేలు నొక్కి 30 సెకన్లు ఉంచండి. చప్పుడు మొదట గడగడమని వచ్చి, ఒకచోట తడబడి, తర్వాత టక్... టక్... అని వస్తుంది. తడబడిన చోటు మీ బఫర్ హద్దు. వేలు తీశాక ఎర్రలైటు ఆరేదాకా మళ్లీ సమయం చూడండి. మొత్తం ఫైళ్ల సైజును మొత్తం సమయంతో భాగిస్తే కార్డు నిజంగా రాసిన వేగం వస్తుంది.

రెండు కార్డులతో చేసి ఒకే అంకె వస్తే అడ్డం పడుతున్నది స్లాట్. ఇక కార్డుల మీద ఖర్చు ఆపేయొచ్చు.

అంగట్లో సగం ధరకే ఇస్తున్నారు. తీసుకోవచ్చా?

ఒకసారి నేనూ తీసుకున్నాను, ఓ దుకాణంలో. ప్యాకింగ్ అచ్చం అసలుదే, హోలోగ్రామ్ కూడా ఉంది. 128 జీబీ అని చూపించింది, మొదటి రెండు ఫంక్షన్లకు బాగానే పనిచేసింది. మూడోదాంట్లో ఫోటోలు కెమెరాలో కనిపిస్తాయి, తెరిస్తే సగం బూడిద రంగు. లోపల ఉన్నది అంతకంటే చాలా చిన్న చిప్పు, పైన మాత్రం 128 అని అబద్ధం చెప్పేలా మార్చారు. నిండే దాకా నిజం బయటపడదు. మనం ఒక చిన్న ఫంక్షన్ తీసి కాపీ చేసుకుని ఫార్మాట్ చేస్తుంటాం కాబట్టి నెలల తరబడి తెలియకపోవచ్చు.

కొన్న రోజే పరీక్షించండి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్‌లో లినక్స్‌లో ఎఫ్3, రెండూ ఉచితం. కార్డు మొత్తం నింపి, రాసింది రాసినట్టు ఉందో లేదో తిరిగి చదివి చూస్తాయి. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దుటికి అయిపోతుంది. రాసే వేగం కూడా చెబుతాయి.

ఒక 256 కొనాలా, నాలుగు 64 కొనాలా?

వేగం మాటకొస్తే, ఒకే రకంలో పెద్ద కార్డులు కొన్నిసార్లు చిన్నవాటికంటే వేగంగా రాస్తాయి, లోపల చిప్పులు ఎక్కువై పని పంచుకుంటాయి కాబట్టి. అయినా ఒకే స్లాట్ ఉన్న కెమెరాకు నేను చిన్నవే చెబుతాను. పెళ్లికూతుర్ని చేసే దగ్గర నుంచి అప్పగింతల దాకా ఒకే కార్డులో ఉంచడానికి నాకు ధైర్యం చాలదు.

కాపీ చేయడానికి అరగంట పడుతోంది.

రీడర్ చూడండి. 64 జీబీ కార్డు నిండితే దాదాపు 60 జీబీ ఉంటుంది. పాత యూఎస్‌బీ 2 రీడర్ నిజంగా ఇచ్చేది 35 ఎంబీ చుట్టుపక్కల, అంటే 28 నిమిషాలు. యూఎస్‌బీ 3 రీడర్‌తో 90 వస్తే 11 నిమిషాలు. యూహెచ్‌ఎస్-2 కార్డు, యూహెచ్‌ఎస్-2 రీడర్ రెండూ ఉంటే నాలుగైదు. కేబుల్‌తో కెమెరానే కంప్యూటర్‌కు తగిలిస్తే పాత బాడీల్లో ఇంకా నెమ్మది, పైగా బ్యాటరీ ఖర్చు. లాప్‌టాప్‌లో కూడా నీలం రంగు పోర్టు ఉంటే అందులో పెట్టండి, నల్లదాంట్లో పెట్టి రీడర్‌ను తిట్టొద్దు.

ఫార్మాట్ కెమెరాలోనా, కంప్యూటర్లోనా?

కెమెరాలో. దానికి కావాల్సిన ఫోల్డర్లు, అమరిక అదే చేసుకుంటుంది. ముందు రెండుచోట్ల కాపీ అయిందో లేదో చూసుకోండి. కొన్ని కెమెరాల్లో లో లెవెల్ ఫార్మాట్ అని ఒక టిక్ ఉంటుంది, కార్డు మందగించినట్టు అనిపిస్తే అది పెట్టి ఒకసారి చేయండి. ప్రతిసారీ అక్కర్లేదు.

ఎర్రలైటు వెలుగుతుండగా కార్డు తీస్తే ఏమవుతుంది?

బఫర్‌లో ఉన్నవి పోతాయి. ఒక్కోసారి అప్పటికే రాసినవాటి జాబితా కూడా చెడిపోయి కార్డు మొత్తం ఖాళీగా కనిపిస్తుంది. నెమ్మది కార్డుకు ఈ ప్రమాదం ఎక్కువ, లైటు ఎక్కువసేపు వెలుగుతుంది కాబట్టి. బ్యాటరీ లాగేసినా అంతే. స్విచ్ ఆఫ్ చేస్తే ఫరవాలేదు, చాలా కెమెరాలు మిగిలింది రాసుకున్నాకే ఆగుతాయి. అలా జరిగిపోతే ఆ కార్డు మీద ఇంకొక్క ఫోటో కూడా తీయకుండా పక్కన పెట్టండి, రికవరీ సాఫ్ట్‌వేర్‌కు దొరికే అవకాశం ఉంటుంది.

పాత కెమెరాలో కొత్త 64 జీబీ కార్డు పెడితే ఎర్రర్ వస్తోంది.

ఎస్‌డీఎక్స్‌సీ వచ్చింది 2009లో. నికాన్ డీ90 లాంటి 2008 కెమెరాలకు 32 జీబీ దాకానే తెలుసు. అలాంటి వాటికి 16 లేదా 32 జీబీ ఎస్‌డీహెచ్‌సీ కార్డు కొనండి.

ఇంతకీ మీరు ఏవి వాడుతున్నారు?

ఫోటోల బాడీలో మొదటి స్లాట్‌లో వీ60, యూహెచ్‌ఎస్-2, 128 జీబీ. రెండో స్లాట్‌లో జేపెగ్‌ల కోసం వీ30. వీడియో కుర్రాళ్లకు అన్నీ వీ30లే, వాళ్లు తీసేది 100 మెగాబిట్లలోనే. వీ90 ఒక్కటి కూడా కొనలేదు, అవసరం పడలేదు. ప్రతి కార్డు మీదా మార్కర్‌తో నంబరు, కొన్న నెల రాసి ఉంటుంది. నిండిన కార్డును డబ్బాలో బోర్లా పెడతాం, ఖాళీది వెల్లకిలా.